మీటే చేతిలోని నిబ్బరం

దిగులు నిండిన పాట విన్నప్పుడు మనిషి దిగులు రెట్టింపు కావలసింది పోయి కొంత నెమ్మదించడం, గుండెలోని బరువు కాస్త దిగినట్టు అనిపించడం అందరికీ అనుభవంలో ఉన్న విషయమే. అయినా ఆ ఊరట పాటలో సరిగ్గా ఏ చోట పుడుతుందని అడిగితే చాలామంది తడుముకోకుండా సాహిత్యాన్నో, గాయకుడి గొంతునో చూపిస్తారు. ఆ జవాబు ఎంతవరకు నిలుస్తుందో ఒక ఆల్బం ఆధారంగా పరిశీలించడం ఈ ప్రసంగం ఉద్దేశం. ఇంగ్లండుకు చెందిన నిక్ డ్రేక్ 1971 అక్టోబరులో రికార్డు చేయగా, 1972 ఫిబ్రవరిలో ఐలండ్ రికార్డ్స్ సంస్థ విడుదల చేసిన ఆ ఆల్బం పేరు ‘పింక్ మూన్’. అందులో ఉన్నవి 11 రచనలు, అన్నీ కలిపి సుమారు 28 నిమిషాలు. వినిపించేవి ఒక గొంతు, ఒక గిటారు, మొదటి పాటలో మాత్రం కొద్ది క్షణాలపాటు పియానో. ఇంత తక్కువ సరంజామాతో తయారైన రికార్డును అర్ధశతాబ్దం దాటిన తరువాత కూడా కష్టకాలంలో ఉన్నవారు వెతుక్కొని వింటూనే ఉన్నారు. వారికి అందులో దొరుకుతున్నది ఏమిటో తెలియాలంటే మాటలను కాసేపు పక్కన పెట్టి, గిటారు మీటుతున్న కుడిచేతి మీద చెవి పెట్టాలి.

విద్యుత్తు సాయంతో నాదాన్ని పెంచకుండా, వాద్యం తన చెక్కతోనూ తన లోపలి గాలితోనూ ఎంత పలికితే అంతే వినిపించే పద్ధతిని అకౌస్టిక్ అంటారు. అకౌస్టిక్ గిటారులో తీగను మీటగానే ఆ కంపనం తీగలు ఆనుకొని ఉన్న బ్రిడ్జి మీదుగా పైపలకకు చేరుతుంది, పలక అదిరి పెట్టె లోపలి గాలిని కదిలిస్తుంది, ఆ కదలిక పలక మీదినుంచీ మధ్యనున్న గుండ్రటి రంధ్రంనుంచీ గదిలోకి వ్యాపిస్తుంది. వీణకు కుండ చేసే పనిని ఇక్కడ ఆ చెక్కపెట్టె చేస్తుంది. మీటిన మరుక్షణంనుంచే ఆ నాదం సన్నగిల్లడం మొదలుపెడుతుంది కాబట్టి, పాట నిలవాలంటే వేళ్ళు మళ్ళీ మళ్ళీ మీటుతూనే ఉండాలి. ఇక ఫోక్ అన్నది మొదట కర్త ఎవరో తెలియని ఊరుమ్మడి పాటలకే చెల్లినా, 1960ల నాటికి బ్రిటన్‌లో ఆ పాటల వాద్యాలను, వాటి నిరాడంబరతను స్వీకరించి తమ పాటలు తామే కట్టుకొని పాడుకొనేవారి సంగీతానికి కూడా వర్తించింది. లండన్‌లోని సోహో ప్రాంతపు చిన్న చిన్న క్లబ్బుల్లో డేవీ గ్రాహమ్, బర్ట్ జాన్ష్, జాన్ రెన్‌బోర్న్ వంటివారు గిటారును కేవలం పాటకు పక్కవాద్యంగా కాక, ఒక్కచేత్తో మంద్ర స్వరాలనూ పైస్వరాలనూ కలిపి పలికించే స్వతంత్ర వాద్యంగా మలచుకొన్న కాలం అది. డ్రేక్ వారి తరువాత వచ్చి, వారినుంచి నేర్చుకొన్నవాడు.

డ్రేక్ కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియమ్ కాలేజీలో ఆంగ్ల సాహిత్యం చదువుతూ మధ్యలోనే విడిచిపెట్టాడు. జో బాయ్డ్ అనే అమెరికన్ నిర్మాత చొరవతో 1969లో అతని మొదటి ఆల్బం ‘ఫైవ్ లీవ్స్ లెఫ్ట్’, 1971లో రెండోది ‘బ్రైటర్ లేటర్’ వెలువడ్డాయి. మొదటిదానిలో కాలేజీ స్నేహితుడు రాబర్ట్ కర్బీ కూర్చిన వయొలిన్ బృందం, రెండోదానిలో డ్రమ్ములు, బాస్ గిటారు, శాక్సొఫోన్ వంటివి అతని పాటను చుట్టుకొని ఉంటాయి. రెండూ మంచి రికార్డులే అయినా రెండూ అంతగా అమ్ముడుపోలేదు. వేదికపై పాడడం డ్రేక్‌కు పెద్ద పరీక్షగా ఉండేది, దానికి స్వభావంలోని బిడియం ఒక కారణమైతే వాద్యానికి సంబంధించిన కారణం మరొకటి. అతని పాటల్లో చాలావాటికి గిటారు శ్రుతి వేరువేరుగా ఉండేది. ఒక పాట ముగించి తలవంచుకొని తీగలు బిగిస్తూ, వదులు చేస్తూ కూర్చొంటే, క్లబ్బుల్లో గ్లాసులు పట్టుకొని నిలబడ్డ జనం కబుర్లలో పడేవారు. సభలో జనాన్ని చెదరగొట్టిన ఆ పాటలే రికార్డుగా మారినప్పుడు ఒంటరి శ్రోతను కట్టిపడేశాయి. ఈ సంగీతానికి తగిన తావు సభ కాదని, ఒక మనిషి పక్కన మరొక మనిషి ఉండేంత మేర మాత్రమేనని దీనివల్ల తెలుస్తుంది.

1971 నాటికి బాయ్డ్ తన సంస్థను అమ్మివేసి లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయాడు. డ్రేక్ ఇంజనీరు జాన్ వుడ్‌కు కబురుచేసి, రికార్డింగు చేయాలని ఉందని చెప్పాడు. లండన్‌లోని చెల్సీలో ఒకప్పటి పాలకేంద్రం భవనంలో ఏర్పాటైన సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో పగళ్ళు వేరేవారికి కేటాయించి ఉండడంవల్ల, అక్టోబరు నెలలో రెండు రాత్రులు, దాదాపు పదకొండు గంటల వేళ మొదలుపెట్టి వారిద్దరే పని ముగించారు. ఒకసారి రికార్డు చేసిన దానిపై మరొక వాద్యాన్నో గొంతునో తరువాత కలపడాన్ని ఓవర్‌డబ్బింగ్ అంటారు. ఈ ఆల్బం మొత్తంలో అది జరిగింది ఒక్కచోటే, మొదటి పాటలో డ్రేక్ స్వయంగా వాయించిన ఆ చిన్న పియానో పలుకు. మిగతా వాద్యాలకు ఎక్కడ చోటు వదలాలని వుడ్ ఆలోచిస్తూ ఉండగా, ఇంకేమీ అక్కర్లేదని, ఇంతేనని డ్రేక్ చెప్పినట్టు వుడ్ తరువాతి కాలంలో గుర్తుచేసుకొన్నాడు. రెండు ఆల్బంలకు సమకూరిన హంగులన్నిటినీ చూసిన తరువాత ఒక కళాకారుడు ఆ మాట అనగలిగాడంటే, తనకు ఏది చాలునో అతనికి స్పష్టంగా తెలుసునని అర్థం. ఈ రికార్డులోని ఊరట సగం ఆ నిర్ణయంలోనే ఉంది.

దానికి శ్రవణశాస్త్రపరమైన కారణం కూడా చెప్పవచ్చు. ధ్వని ఎంత దూరంనుంచి వస్తున్నదో పోల్చుకోవడానికి మనిషి చెవికి తోడ్పడేవాటిలో రెండు విషయాలు ఇక్కడ ముఖ్యం: మూలంనుంచి నేరుగా చేరే శబ్దం ఎంత, గోడలకూ కప్పుకూ తగిలి తిరిగివచ్చే శబ్దం ఎంత అన్న నిష్పత్తి మొదటిది, సన్నని వివరాలు, అంటే ఊపిరి, పెదవుల కదలిక, గోటి రాపిడి వంటివి వినిపిస్తున్నాయా లేదా అన్నది రెండోది. పెద్ద గొంతు దూరంనుంచి కూడా వినిపిస్తుంది, చిన్న గొంతు తన వివరాలతోసహా వినిపించాలంటే మాత్రం ఆ మనిషి చేయి చాపితే అందేంత దగ్గరలో ఉండాలి. ‘పింక్ మూన్’లో గది ప్రతిధ్వని చాలా తక్కువ, మైకు గొంతుకూ గిటారుకూ బాగా దగ్గరగా ఉన్నట్టు వినగానే తెలుస్తుంది. లోహపు చుట్టు ఉన్న మంద్ర తీగలమీద ఎడమచేతి వేళ్ళు ఒక మెట్టునుంచి మరొక మెట్టుకు జారేటప్పుడు వచ్చే కిర్రుమనే సన్నని చప్పుడు, పాదం ఎత్తుకొనేముందు తీసుకొన్న శ్వాస, పదం చివర గొంతు గాలిలోకి కరగడం, ఇవన్నీ దాచకుండా అలాగే ఉంచారు. ఎదుటివాడిని ఆకట్టుకోవాలన్న తాపత్రయం ఆ గొంతులో లేదు. శ్రోత విని మెచ్చుకొంటాడనో, కన్నీరు పెట్టుకొంటాడనో అది ఎదురుచూడదు. బాధలో ఉన్న మనిషికి ఎదుటివారి సానుభూతి కూడా ఒక్కొక్కసారి భారమవుతుంది, ఎందుకంటే దానికి బదులుగా ఏదో ఒక మాట చెప్పాలి, తేరుకొన్నట్టు కనిపించాలి. ఈ పాటలు తమ దరిన కూర్చోనిస్తాయి, తిరిగి ఏమీ అడగవు.

ఇంతవరకు చెప్పినది సాన్నిహిత్యం గురించి. సాన్నిహిత్యం ఒక్కటే చాలదు. దగ్గర కూర్చొని దిగులుపడేవాడు పక్కవాడిని కూడా దిగులులోకి లాగవచ్చు. డ్రేక్ పాట అలా లాగకపోవడానికి కారణం గిటారును శ్రుతి చేసిన తీరులోనూ, మీటిన తీరులోనూ ఉంది, ఈ రెండింటినీ కొంచెం నిదానంగా పరిశీలించాలి.

మామూలుగా గిటారు ఆరు తీగలను కిందినుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ అనే స్వరాలకు బిగిస్తారు. మొదటి పాటలో డ్రేక్ వాటిని సి, జి, సి, ఎఫ్, సి, ఇ అనే వరసకు మార్చుకొని, మెడమీద రెండో మెట్టుదగ్గర కాపో అనే బిగింపు పెట్టి వాయించాడు. సి స్వరాన్ని షడ్జంగా తీసుకొంటే ఆ ఆరు తీగలూ వరసగా సా, పా, సా, మా, సా, గా అని పలుకుతాయి. మధ్యమం శుద్ధ మధ్యమం, గాంధారం అంతర గాంధారం. అంటే ఆరింటిలో మూడు తీగలు మూడు స్థాయిల షడ్జాలు, వాటికి తోడు ఒక పంచమం. తంబురా ఎదుట కూర్చొన్న తెలుగు శ్రోతకు దీని ప్రభావం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఎడమచేయి ఏ మెట్టునూ నొక్కకపోయినా వాద్యం ఆధార షడ్జంలో మోగుతూనే ఉంటుంది. రాగం ఎటు వెళ్ళినా కాళ్ళకింద నేల కదలదు. తీగలను ఇలా ఒక స్వరసమూహానికి అనువుగా మార్చుకోవడం డ్రేక్ కనిపెట్టినది కాదు. డేవీ గ్రాహమ్ 1960ల ప్రారంభంలో ప్రచారంలోకి తెచ్చిన డి, ఎ, డి, జి, ఎ, డి అనే శ్రుతి, మొరాకోలో ఊద్ అనే అరబ్బు తీగవాద్యంతో కలిపి వాయించేందుకు అతడు రూపొందించుకొన్నదని చెబుతారు. డ్రేక్ ఆ దారిలో నడుస్తూనే తన శ్రుతులు తాను సమకూర్చుకొన్నాడు. వాటిలో చాలా తీగలు సాధారణ స్థితికంటే వదులుగా ఉంటాయి కాబట్టి నాదం మెత్తగా, లోతుగా వస్తుంది; అతి మంద్ర తీగ ఇ నుంచి సి కి, అంటే రెండు పూర్తి స్వరాంతరాలు దిగిపోవడంవల్ల ఆ చిన్న చెక్కపెట్టెకు మామూలుగా ఉండని గాంభీర్యం అబ్బింది.

మీటే తీరు ఇంకా ముఖ్యమైనది. బొటనవేలు మంద్ర తీగలమీద నడకను నిలుపుతూ ఉండగా, చూపుడువేలు మొదలైనవి పైతీగలమీద స్వరాలను అల్లడాన్ని ఫింగర్‌పికింగ్ అంటారు. ఈ పద్ధతిలో నేర్పు ఎంత ఉందో తెలిసేది వేగంలో కాదు, బొటనవేలు తొణకకుండా ఉండడంలో. డ్రేక్ బొటనవేలు ఆల్బం పొడవునా ఎక్కడా తొట్రుపడదు. ‘రోడ్’ అనే మూడో పాటలో ఒకే అల్లిక మొదటినుంచి చివరిదాకా వడిగా తిరుగుతూ ఉంటుంది, దానిపై గొంతు కొద్దిపాటి మాటలతో వచ్చి పోతుంది. రికార్డు రెండో వైపున మొదటి పాట ‘నో’లో గిటారుకు దక్కినది ఒక చిన్న స్వరపు తునక మాత్రమే, పాటకు ఉన్నవి నాలుగే పాదాలు, ఆ తునక అదే పట్టుదలతో మళ్ళీ మళ్ళీ మోగుతుంటే గొంతు చాలాసేపు మాటలు లేకుండా మూలుగులాంటి రాగాలాపనతోనే సరిపెట్టుకొంటుంది. మాటలే లేని ‘హార్న్’లో మంద్ర తీగలు నిలకడగా మోగుతూ ఉండగా పైన ఒక్కొక్క స్వరమే తీరిగ్గా పడుతుంది, అది ఒకటిన్నర నిమిషం కూడా ఉండదు, ఆల్బంలో అందరూ దాటిపోయేది అదే, నిజానికి ఈ రికార్డు స్వభావాన్ని పూర్తిగా పట్టి ఇచ్చేదీ అదే.

గొంతు సంగతి వేరు. అది చేతితో సమంగా నడవదు. కర్ణాటక సంగీతంలో తాళం మొదలైన తరువాత పాట ఎత్తుకోవడాన్ని అనాగత గ్రహం అంటారు. అక్కడ ఆ ఎడం ఎంతో ముందే లెక్క కట్టి ఉంటుంది. డ్రేక్ గొంతు అంత లెక్కగా కాక, పలకాలా వద్దా అని సందేహించి పలికినట్టుగా, దెబ్బ పడిన తరువాత కాస్త ఆలస్యంగా వచ్చి వాలుతుంది, పాదం చివర పూర్తిగా మోగకముందే వెనక్కు తగ్గుతుంది. ఆ వెనుకంజలోనే దిగులు ఉంది. అదే మనిషి, అదే క్షణంలో, చేతితో మాత్రం ఒక్క మాత్ర కూడా తప్పడంలేదు. గాయకుడు ఒకరు, వాద్యకారుడు మరొకరు అయితే ఈ తేడాకు ఇంత విలువ ఉండేది కాదు. ఒకే దేహంలో గొంతు జంకుతూ చేయి నిబ్బరంగా ఉండడం వినిపిస్తున్నది కాబట్టే, దుఃఖం మనిషిని పూర్తిగా ఆక్రమించుకోలేదని, అతనిలో దానికి లొంగని భాగం ఒకటి మిగిలి పని చేస్తూనే ఉన్నదని చెవికి నేరుగా తెలుస్తుంది. ‘పింక్ మూన్’ ఇచ్చే ఊరట ఇదే. అది కష్టాలు తీరుతాయని చెప్పదు. కష్టం మధ్యలో కూడా లయ తప్పకుండా ఉండవచ్చునని చేసి చూపిస్తుంది. శ్రుతిని తల్లిగా, లయను తండ్రిగా చెప్పే మన సంగీత సంప్రదాయానికి ఇంగ్లండు కుర్రవాడి ఈ ఆల్బం పరాయిది కాదు.

సంగీతం కలిగించే దుఃఖం ఎందుకు హాయిగా ఉంటుందన్న ప్రశ్నకు ఆధునిక మనోవిజ్ఞానం కూడా జవాబులు వెతికింది. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ హ్యూరాన్ 2011లో ఒక ఊహను ముందుకు తెచ్చాడు: దుఃఖంలో ఉన్నప్పుడు దేహం తనను తాను ఓదార్చుకోవడానికి ప్రొలాక్టిన్ అనే హార్మోనును విడుదల చేస్తుందని, విషాద సంగీతం నిజమైన నష్టమేదీ లేకుండానే ఆ ఓదార్పును రప్పిస్తుందని దాని సారం. తరువాత జరిగిన ప్రయోగాలు ఆ ఊహను బలపరచలేదు. 2014లో బెర్లిన్‌లోని ఫ్రీ యూనివర్సిటీకి చెందిన లీలా తరుఫ్ఫీ, స్టెఫాన్ కోల్ష్ 772 మందిని అడిగి చేసిన సర్వేలో, విషాద సంగీతం వింటున్నప్పుడు ఎక్కువమందికి తరచుగా కలిగే భావం విషాదం కాదని, గడచిన రోజుల తలపోత అని తేలింది. హార్మోనుల లెక్కకంటే ఇది అనుభవానికి దగ్గరగా ఉంది. అయితే పదవ శతాబ్దపు కాశ్మీర పండితుడు భట్టనాయకుడు ప్రతిపాదించగా అభినవగుప్తుడు విస్తరించిన సాధారణీకరణం అనే భావన దీనికంటే లోతుకు వెళుతుంది. నాటకంలోనో కావ్యంలోనో కనిపించే శోకం ఫలానా వ్యక్తిది అన్న హద్దు చెరిగిపోయి, ప్రేక్షకుడి సొంత శోకం కూడా తనది మాత్రమే అన్న హద్దు చెరిగిపోయి, రెండూ ఆస్వాదించదగిన ఒకే భావంగా నిలవడాన్ని సాధారణీకరణం అంటారు. తన కష్టం తనొక్కడిదే అన్న పట్టు సడలడమే ఊరటకు మొదలు. ఈ ఆల్బం పాటల్లో చంద్రుడు, సూర్యుడు, దారి, ఉదయం వంటి అందరికీ చెందిన పదాలే తప్ప ఊర్లూ పేర్లూ తేదీలూ దాదాపు కనిపించకపోవడం ఈ సాధారణీకరణానికి బాగా తోడ్పడింది.

అతని ఆంగ్లం అందరికీ స్పష్టంగా వినబడదు. పుట్టుకతో ఆ భాష మాట్లాడేవారు కూడా కొన్ని పదాలను పోల్చుకోలేరు. తెలుగు శ్రోతకు ఇది అడ్డంకి అవుతుందా అంటే కాదనే చెప్పాలి. హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని పసిపిల్లలకు వారెన్నడూ వినని భాషల జోలపాటలు వినిపిస్తే, అవే సంస్కృతులకు చెందిన ఇతర పాటలు విన్నప్పటికంటే వారి గుండె వేగం ఎక్కువగా నెమ్మదించింది. మాట తెలియకముందే జోలను జోలగా గుర్తుపట్టే శక్తి చెవికి ఉందని దీనినిబట్టి అనుకోవచ్చు. పెద్దయిన తరువాత కూడా ఆ శక్తి ఎక్కడికీ పోదు.

ఈ ఆల్బం చుట్టూ అల్లుకొన్న ఒక అపోహను కూడా ఇక్కడ తొలగించాలి. డ్రేక్ తీవ్రమైన డిప్రెషన్‌తో బాధపడి 1974 నవంబరు 25న, 26 ఏళ్ళ వయసులో మరణించాడు. అతని జీవితకాలంలో విడుదలైన చివరి ఆల్బం ‘పింక్ మూన్’ కావడంతో, దానిని చనిపోబోయేవాడి వీడ్కోలు లేఖగా చదివే అలవాటు ఏర్పడింది. రికార్డింగు జరిగినది మరణానికి మూడేళ్ళ ముందు. అతని సంగీత వ్యవహారాలు చూసే కాలీ కాలమన్ చెప్పినదాని ప్రకారం, డిప్రెషన్ పట్టి ఉన్న రోజుల్లో డ్రేక్ రాయనూ లేడు, పాడనూ లేడు. ఈ పాటలు రాసిన కాలంలో అతడు ఆ స్థితిలో లేడని, పూర్తయిన ఆల్బం గురించి ఎంతో గర్వపడ్డాడని కూడా కాలమన్ అన్నాడు. చెవి కూడా అదే సాక్ష్యం చెబుతుంది. కూలిపోతున్న మనిషి కుడిచేయి అలా నడవదు. జబ్బుకు కళను రుణపడినట్టు చూపే కథలు వినడానికి ఆకర్షణగా ఉన్నా, అవి జబ్బును గొప్ప చేసి, ఆ మనిషి ఏళ్ళతరబడి చేసిన సాధనను చిన్నబుచ్చుతాయి.

ఇదే కారణంచేత ఊరటకూ చికిత్సకూ ఉన్న తేడాను గుర్తుంచుకోవాలి. ఒకే బాధను మనసులో పదేపదే తిప్పుకొనే స్వభావం ఉన్నవారికి విషాద సంగీతం మేలు చేయకపోగా దిగులును పెంచుతున్నదని ఆస్ట్రేలియా పరిశోధకులు సాండ్రా గారిడో, ఎమరీ షూబర్ట్ తమ అధ్యయనాల్లో గమనించారు. నిద్ర, ఆకలి తప్పి, వారాల తరబడి మనసు తేరుకోనప్పుడు వెళ్ళవలసినది వైద్యుడి దగ్గరికే. పాట తోడుగా ఉండగలదు, వైద్యం చేయలేదు.

బతికి ఉండగా డ్రేక్ ఆల్బంలు ఒక్కొక్కటీ కొన్ని వేల ప్రతులకు మించి అమ్ముడుకాలేదు. 1999లో ఫోక్స్‌వాగన్ కారు ప్రకటనలో ‘పింక్ మూన్’ అనే పేరే ఉన్న మొదటి పాట వినిపించిన తరువాత అమెరికాలో ఈ ఆల్బం అమ్మకాలు ఎన్నో రెట్లు పెరిగాయి. కారు ప్రకటన ద్వారా ఈ పాట జనానికి చేరడం కొందరికి రుచించలేదు గాని, వినవలసినవారి చెవిన పడడానికి ఏదో ఒక తలుపు తెరుచుకోవాలి కదా. చింతించవలసినది మరొకటి ఉంది: ఈనాడు ఇందులోని రెండు మూడు పాటలను విడదీసి, నిద్రకో విశ్రాంతికో అంటూ వేరేవారి పాటలతో కలిపి గంటల తరబడి వినిపించే జాబితాల్లో చేరుస్తున్నారు. ఎల్పీ రికార్డు మొదటి వైపున ఆరు, రెండో వైపున ఐదుగా ఉన్న ఈ రచనలకు ఒక క్రమం ఉంది. ‘పారసైట్’ వంటి పాటలో దిగులు అడుగంటా దిగిన తరువాతనే, చివరిదైన ‘ఫ్రమ్ ది మార్నింగ్’లో గిటారు చురుకందుకొని, గొంతు మొదటిసారి చేతితో కలిసి నడుస్తుంది. మధ్యలో ఏ పాట తీసివేసినా ఆ కలయికకు విలువ తగ్గుతుంది. 28 నిమిషాలు పెద్ద వ్యవధి కాదు. ఒక్క పూట ఫోను పక్కన పెట్టి ఆసాంతం వినడానికి చాలినంత చిన్నది.

విన్న తరువాత ఇంకా వినాలనిపించినవారు వెంటనే డ్రేక్ మిగతా ఆల్బంలకు వెళ్ళనక్కర్లేదు, అతని తల్లి మాలీ డ్రేక్ పాటలకు వెళ్ళడం మంచిది. ఆమె 1915లో రంగూన్‌లో, అంటే కోరంగి, కాకినాడ, విశాఖపట్నం తీరాలనుంచి తెలుగువారు ఓడలెక్కి పొట్టకూటికి వెళ్ళి ‘రంగం’ అని పిలుచుకొన్న ఊరిలో పుట్టింది. 1942లో జపాను సైన్యం బర్మాను ఆక్రమించినప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలవారు కొండలూ అడవులూ దాటి కాలినడకన స్వదేశం చేరిన రోజుల్లోనే ఆమె కూడా సోదరి నాన్సీతో ఢిల్లీకి తరలివచ్చింది. ఆ అక్కచెల్లెళ్ళు అక్కడ ‘లాయిడ్ సిస్టర్స్’ పేరుతో ఆలిండియా రేడియోలో పాడారు. యుద్ధం ముగిసిన తరువాత కుటుంబం తిరిగి రంగూన్ చేరింది, నిక్ 1948 జూన్ 19న అక్కడే పుట్టాడు. 1950ల తొలినాళ్ళలో వారు ఇంగ్లండులోని టాన్‌వర్త్-ఇన్-ఆర్డెన్ గ్రామంలో స్థిరపడ్డాక, మాలీ పియానో ముందు కూర్చొని సొంతంగా పాటలు కట్టి ఇంటివారికోసం మాత్రమే పాడుకొనేది. ఇంజనీరు అయిన భర్త రాడ్నీ వాటిని ఇంట్లోనే టేపు మీద రికార్డు చేశాడు. ఆమె 1993లో మరణించింది, ఆ రికార్డింగులు 2013లో ఆల్బంగా విస్తృతంగా విడుదలయ్యాయి. నిక్ స్వరాల కూర్పుకు మూలం ఎక్కడున్నదో ఆ పియానో విన్నాకనే అర్థమయిందని జో బాయ్డ్ అన్నాడు. ఆ అభిప్రాయం సరైనదైతే, డ్రేక్ ఆరు తీగలను అంత విచిత్రంగా శ్రుతి చేసుకోవడం వెనుక, పియానో మీద పది వేళ్ళతో తల్లి పలికించిన స్వరాల పొందికను గిటారు మీదికి తెచ్చుకోవాలన్న ప్రయత్నం ఉండవచ్చునని ఊహించడానికి ఆస్కారం ఉంది, తల్లీకొడుకుల ఈ రెండు ఆల్బంలనూ ఒకదాని తరువాత ఒకటి విన్న శ్రోత ఆ సంగతిని తన చెవితోనే తేల్చుకోవచ్చు.